గాలి పట్టించుకునే పంతులమ్మ

మొన్న పరిగి పోయే బస్సులో ఒక పెద్దమనిషి దగ్గుతున్నాడు. దగ్గు ఎవరికైనా వస్తుంది, తప్పులేదు. కానీ రెండు చేతులూ నిమ్మళంగా ఒళ్లో పెట్టుకుని, ముందు సీట్లో ఉన్న పసిపిల్ల నెత్తిమీదికి దగ్గుతున్నాడు. కాసేపు ఓర్చుకున్నాను. ఓర్పు నాకు మొదటినుంచీ తక్కువ. "గుడ్డ అడ్డం పెట్టుకో నాయనా. గుడ్డ లేకుంటె చెయ్యి పెట్టుకో. గదీ చాతగాకుంటె బస్సు దిగి దగ్గు" అన్నాను. బస్సులో అందరూ నావైపు తిరిగారు. ఆయన తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగిపోయాడు. నేనన్న మాటలు నాకే కొత్తగా వినిపించాయి. అవి నా మాటలు కావు, తాండూరు పంతులమ్మవి. ఆమె పోయి ఎన్నో ఏళ్లు దాటాయి. ఆ రోజంతా ఆమే కళ్లముందు మెదిలింది.

పేరు రాయను. తాండూరులో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్లూ లేరు, ఊరందరికీ పంతులమ్మే. తమాషా ఏమిటంటే నాకు పరిచయమయ్యేనాటికి ఆమె పంతులమ్మ కాదు. నిజాం రాజ్యం పోయిన కొత్తలో ఆడపిల్లల బడిలో పాఠాలు చెబుతుండగా క్షయ పట్టుకుంది. వికారాబాదు గుట్ట మీది దవాఖానలో చాలాకాలం ఉండి, తెమడలో క్రిమి లేదని డాక్టర్ల చేత కాగితం రాయించుకుని వచ్చింది. బడివాళ్లు ఆ కాగితాన్ని దూరం నుంచే చూసి, దూరం నుంచే వెనక్కిచ్చారు. పూడూరు దిక్కు సేద్యం చేసుకునే తమ్ముడు ఒకడుండేవాడు. అక్కను గడప తొక్కనిచ్చేవాడు కాదు గానీ జొన్నలు మాత్రం తప్పకుండా పంపేవాడు. "మా తమ్మునికి నేనంటె మస్తు ప్రేమ. బస్తాలకెత్తి పంపుతడు" అనేది. ఆ జొన్నలతోనూ, కుట్టు పనితోనూ ఒంటి మనిషి వెళ్లదీసుకునేది.

ఆ రోజుల్లో క్షయకు గాలి ఎక్కించేవాళ్లు. పక్కటెముకల సందున సూది గుచ్చి లోపలికి గాలి పంపిస్తే, జబ్బుపడిన ఊపిరితిత్తి ముడుచుకుని విశ్రాంతి తీసుకుంటుంది. ఆ గాలి కొన్నాళ్లకు ఇంకిపోతుంది. మళ్లీ గుట్టకు పోయి ఎక్కించుకోవాలి. పదిహేను రోజులకోసారి, అట్లా ఏళ్ల తరబడి. మధ్యలో మానేస్తే చేసిందంతా దండగ. తాండూరులో రైలెక్కి వికారాబాదులో దిగి, అక్కడి నుంచి టాంగాలో గుట్టెక్కేవాళ్లను "గాలి పట్టించుకునేటోళ్లు" అనేవారు. పంతులమ్మ ఆ మాటకు నొచ్చుకునేది కాదు. "సైకిల్ ట్యూబు కన్న నేనే నయం, పంచరైతె ఎరుకైతది" అనేది.

ఒక్క ఊపిరితిత్తితో మాట్లాడే మనిషి కాబట్టి ఆమె మాట మధ్యలో తెగేది. తెగినచోట ఆగి ఊపిరి అందుకునేది. ఎదుటివాళ్లకు ఆ ఆగడం భరించరానిది. గబుక్కున మిగతా మాట తామే అందించేవాళ్లు. ఆమె వద్దనేది కాదు. వాళ్లు అందించిందంతా విని, ఊపిరి పీల్చుకుని, అప్పుడు తాను చెప్పదలచుకున్నది చెప్పేది. అది ఎప్పుడూ వేరే ఉండేది. నేను కూడా ఎన్నిసార్లు బోల్తాపడ్డానో లెక్కలేదు.

స్టేషను ఎదుట ఒక సాయబుగారి చాయ హోటలు ఉండేది. గుట్ట నుంచి వచ్చే రోగుల కోసం ఆయన చెవి విరిగిన కప్పు ఒకటి గూట్లో విడిగా పెట్టేవాడు. పంతులమ్మ రైలు దిగి నేరుగా ఆ హోటలుకే పోయి, బయట బల్లమీద కూర్చుని, ఆ కప్పులోనే చాయ తాగేది. ఒకసారి నేనూ ఉన్నాను. చాయ తాగి కప్పు చూస్తూ, "సేట్, గీ కప్పు మంచిగున్నది. మిగిలిన కప్పులు..." అని ఆగింది.

"అవి భీ మంచిగనే కడుగుతం అమ్మా" అన్నాడు సాయబు.

"...చూస్తె నాకు భయమైతది. నా రోగం నీకెరుక. నీ హోటల్ల కూసున్నోళ్ల రోగం నీకెరుక లేదు, వాళ్లకూ ఎరుక లేదు. అన్ని కప్పులు సలసల కాగే నీళ్లల్ల ముంచి తియ్యి. అప్పుడు నా కప్పు విడిగ పెట్టే ఫికరే ఉండది."

"నా దిల్‌ల ఏం లేదమ్మా. గిరాకీ పరేషాన్ అయితరు" అని ఆయన తల గోక్కున్నాడు. తర్వాత నేను పోయినప్పుడు పొయ్యిమీద పెద్ద గిన్నెలో కప్పులు కాగుతున్నాయి. చెవి విరిగిన కప్పు మాత్రం గూట్లోనే ఉంది. "సగం గెలిచిన" అంది పంతులమ్మ. మిగతా సగం ఆమె ఎన్నడూ గెలవలేదు.

మా తాండూరులో ప్రహరీ అంటే నిలబెట్టి పాతిన నాపరాతి బండలే. గనుల్లోంచి తీసిన బండ పలకలాగే నున్నగా ఉంటుంది. పంతులమ్మ తన వాకిట్లోని బండను నిజంగానే పలక చేసుకుంది. సుద్దముక్కతో పెద్ద అక్షరాలు రాసేది. "ఈ ఇంట్లో క్షయ ఉండె. ఇప్పుడు లేదు. లోపలికి వచ్చి చాయ తాగండి." దాని కింద మరొకటి: "దగ్గు దాచుకున్నవాళ్లు చస్తున్నారు. చెప్పుకున్నవాళ్లు బతుకుతున్నారు." వాన వస్తే కొట్టుకుపోయేది, మళ్లీ రాసేది. ఎవరో పేడ కొట్టారు, కడిగి మళ్లీ రాసింది. చాయకు మొదట్లో ఎవరూ రాలేదు. తర్వాత దగ్గున్నవాళ్లు వచ్చారు. వాళ్లను వెంటబెట్టుకుని గుట్టకు పోయేది.

పట్నంలోని ఒక పత్రికకు వ్యాసం కూడా పంపింది. అమ్మ కూతురికి కంచం పెట్టి కాలితో ఎట్లా జరుపుతుందో, చుట్టాలు కిటికీ బయట నిలబడి ఎట్లా పలకరిస్తారో, తగ్గిన తర్వాత కూడా మనిషి ఎట్లా రోగంగానే మిగిలిపోతుందో రాసింది. పత్రికవాళ్లు అదంతా కోసేసి, క్షయరోగులు పాలు, గుడ్లు, మంచి గాలి తీసుకోవాలన్న నాలుగు ముక్కలు వేశారు. పంతులమ్మ చప్పుడు లేకుండా, భుజాలు మాత్రమే కదిలేట్టు నవ్వింది. "రోగం గురించి డాక్టర్లు రాస్తరు చెల్లె. రోగంతోని బతుకుడు గురించి ఎవలు రాస్తరు? పాలు తాగు అంటున్నరు. పాలు పోసేటామె దూరంకెల్లి పోస్తె సగం కింద పడుతున్నయని గద నేను రాసింది!"

ఇక మా ఇంటి సంగతి. మా ఆయన రైతులు కందులు తెచ్చి అమ్మే గంజ్‌లో ఒక సేటు దగ్గర గుమాస్తా. ఒక చలికాలం దగ్గు మొదలై వదలలేదు. సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడేది. మా అత్తమ్మ వేడి చేసిందంది, దిష్టి అంది, కందుల దుమ్మంది. అసలు పేరు తప్ప అన్ని పేర్లూ పెట్టింది. ఒకరోజు ఆయన తువ్వాలు ఉతుకుతుంటే నెత్తురు మరక కనబడింది. పంతులమ్మ దగ్గరికి పరుగెత్తాను. "జర చీకటి పడ్డంక రండి. ఎవలు చూడరు" అని బతిమాలాను.

"చీకట్ల దొంగలొస్తరు. నేను పొద్దుగాల్నే వస్త, బజారు నడిమిట్లకెల్లి" అంది.

అన్నట్టే వచ్చింది. మా గల్లీలో ఒక్కొక్క తలుపూ తెరుచుకుంది. అత్తమ్మ ఇంటి పరువు పోయిందని లోపలి అర్రలో కూర్చుని శోకాలు తీసింది. పంతులమ్మ మా ఆయన మంచం దగ్గర పీట వేసుకుని కూర్చుంది.

"ఏమున్నది పంతులమ్మా. గుట్టకు పోయినోళ్లు ఆడికెల్లి అటే" అన్నాడాయన.

"నన్ను మంచం మీద మోసుకపోయిన్రు. నడుసుకుంట వచ్చిన. నువ్వు నడుసుకుంటనే పోతున్నవ్, నీకింక అల్క, సులువైతది. పోతవా, పోవా?"

ఆయన చాలాసేపు ఆమెను పైనుంచి కిందికి చూశాడు. "పోత" అన్నాడు. నేను గోడకు ఆనుకుని ఏడ్చాను. ఆమె ఆరోగ్యంగా కళ్లముందు కూర్చుంది కాబట్టే ఒప్పుకున్నాడని నేననుకున్నాను. ఆమె కూడా అదే అనుకుంది.

కొన్ని నెలలు గుట్టమీద ఉండి వచ్చాడు. ఈలోపల సేటు ఆయన చోట్లో ఇంకొకరిని పెట్టుకున్నాడు. పంతులమ్మ పోయి సేటు దుకాణం ముందు బస్తామీద కూర్చుంది. కొట్లాడలేదు, అరవలేదు. సంచిలోంచి తెల్లగుడ్డ తీసి మడత పెట్టుకుని, మర్యాదగా మూతి తుడుచుకుంటూ కూర్చుంది, అంతే. ఆమె ఉన్నంతసేపు ఆ గుమ్మం ఒక్క రైతూ తొక్కలేదు. సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి సేటు దండం పెట్టి, మా ఆయనకు పని మళ్లీ ఇచ్చాడు. ఊరి భయాన్ని ఊరిమీదికే తిప్పికొట్టిందని ఇప్పటికీ తలచుకుని నవ్వుకుంటాను.

మా ఆయనకు గాలి మొదలయ్యేనాటికి ఆమెకు ఎక్కించడం ముగిసింది. అయినా మా ఆయనతోపాటు రైలెక్కేది. డబ్బాలో కూర్చోగానే, "మేం గాలి పట్టించుకునేటోళ్లం. మా తెమడ సాఫ్ ఉన్నది. మీ సంగతేందో మీరే చూసుకోన్రి" అని ప్రకటించేది. సగంమంది లేచిపోయేవాళ్లు. మిగిలిన సగంమందికి వికారాబాదు వచ్చేదాకా పాఠం. మా ఆయన సిగ్గుతో తల వంచుకునేవాడట. సూదంటే ఆయనకు వణుకు. ప్రతిసారీ ముందురోజు నుంచే, ఇంకెన్నాళ్లు, ఈసారి పోను అని మొండికేసేవాడు. మర్నాడు పంతులమ్మ వాకిట్లో నిలబడేసరికి చొక్కా తొడుక్కునేవాడు.

అట్లా రెండేళ్లు గడిచాక ఒక ఎండాకాలం ఆమె రైలెక్కడం మానేసింది. కుట్టుపని ఎక్కువైందంది. బండమీద చాయకు రమ్మన్న మాట ఒక్కటే చెరిపేసింది. ఇప్పుడు పంతులమ్మకు గర్వం పెరిగింది, మనుషులు అక్కర్లేదు అని గల్లీలో చెప్పుకున్నారు. నాకు నమ్మబుద్ధి కాలేదు. రొట్టెలు, పచ్చడి పట్టుకుని పోయాను. ఆమె తలుపు ఓరగా తీసి, గుడ్డ నోటికి పెట్టుకుని, "ఆడనే నిలబడు చెల్లె. నాకు మల్ల..." అని ఆగింది.

"బడిల పని ఇచ్చిన్రా?" అన్నాను సంతోషంగా. నా నోరు ఊరుకోదు కదా.

నేను అడిగింది విని ఊపిరి పీల్చుకుంది. "...నెత్తురు పడుతున్నది" అంది.

రొట్టెల గిన్నె గడపమీద పెట్టేశాను. "పదున్రి గుట్టకు. ఇప్పుడే పోదం, బండికి టైం ఉన్నది" అన్నాను.

"ఎట్ల పోత? గాలి ఎక్కించే అర్రకు పోవాలంటె ఆడోళ్ల వార్డు ముందటికెల్లే పోవాలె. మీ ఆయన నన్ను మంచంల చూస్తడు. పంతులమ్మకే మల్ల వచ్చింది, నాకేం తగ్గుతదని ఆగిపోతడు. సగంల ఆగితె ఏమైతదో నీకెరుక లేదా? దసరాకు ఆయన గాలి అయిపోతది. అయినంక పోత."

"దసరా దాక మీరుంటరా?"

"పట్నంకెల్లి గోలీలు తెప్పించుకున్న. మింగుతున్న."

నాకు కోపం ఆగలేదు. "బండమీద ఏమని రాసిన్రు? దాస్తె చస్తరని రాసిన్రు గద! మీరే దాస్తున్నరు!" అని గల్లీ వినేట్టు అరవబోయి, సగంలో గొంతు తగ్గించుకున్నాను.

"రాసుడు అల్క చెల్లె" అంది. తర్వాత ఆమె చేసిన పని నాకు ఇప్పటికీ మింగుడుపడదు. తాయెత్తులను, దిష్టితాళ్లను వెక్కిరించే మనిషి, ఎవరికీ చెప్పనని నా చేత ఒట్టు పెట్టించుకుంది. అదీ మా ఆయన మీద. చెబితే ఆ మనిషికే ముప్పు అన్నట్టు. ఆ ఒట్టు తీసి గట్టుమీద పెట్టే ధైర్యం ఆ రోజుల్లో ఏ పెళ్లయిన ఆడదానికి ఉంటుంది? ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు.

ఆమె చెప్పిన కారణం నిజమే. దాని కింద పౌరుషం కూడా ఉందని నేనంటాను. రోగం చెప్పుకున్నవాళ్లు బతుకుతారని ఊరికి మాటిచ్చిన మనిషి. చెప్పుకుని కూడా మళ్లీ పడిపోయానని ఆ ఊరి ముందే ఎట్లా పడుకుంటుంది? క్షయ పోయినట్టే పోయి తిరిగొస్తుందనీ, అందులో ఎవరి తప్పూ లేదనీ ఎవరికైనా అర్థం చేయించగలిగేది ఆమె ఒక్కతే. ఆ ఒక్క పాఠం మాత్రం చెప్పలేకపోయింది. నాకు ఆమెమీద జాలికన్నా కోపమే ఎక్కువ వచ్చింది, ఇప్పుడూ వస్తుంది.

మా ఆయన గాలికి పోయే రోజుల్లో మాత్రం ఆమె పొద్దున్నే లేచి, తల దువ్వుకుని, గంజి పెట్టిన చీర కట్టుకుని తన దర్వాజాలో నిలబడేది. స్టేషనుకు దారి అటునుంచే. ఆయన కనబడగానే చెయ్యి ఎత్తేది. ఆయనా చెయ్యి ఎత్తి సాగిపోయేవాడు. నేను రొట్టెలు తీసుకుపోయిన ఒక పూట ఆ చెయ్యి ఎత్తడానికి ఇంకో చేత్తో తలుపు చెక్కను ఎంత గట్టిగా పట్టుకుందో దగ్గరి నుంచి చూశాను. ఆయన దూరం నుంచి చూసేవాడు, ఆయనకు తెలియదులే అనుకున్నాను. ప్రతిసారీ దేవుణ్ణి రెండు కోరికలు కోరేదాన్ని. ఆయన ఆగిపోకూడదు, ఈమె పడిపోకూడదు. రెండూ ఒకేసారి జరగవేమోనని భయపడేదాన్ని.

దసరా ముందు డాక్టరు ఇక గాలి అక్కర్లేదన్నాడు. ఆ మాట వినగానే నేను వంట పొయ్యిమీద వదిలేసి ఆమె ఇంటికి పరుగెత్తాను. ఆమె చాపమీద ఉంది, గోడకు ఒరిగి. "అయిపోయిందా?" అంది. అయిపోయిందన్నాను. "మంచిది. ఇగ నన్ను తీస్కపో" అంది.

తీసుకుపోయాను. రైల్లో ఎవరికీ ఏ పాఠమూ చెప్పలేదు. నా భుజంమీద తల పెట్టి కళ్లు మూసుకుంది. టాంగా గుట్ట ఎక్కుతుంటే ఒక్కసారి కళ్లు తెరిచి, "గాలి మంచిగున్నది" అంది. వార్డులో వాళ్లు చేయగలిగిందంతా చేశారు. ముందే ఎందుకు రాలేదని డాక్టరు నన్ను అడిగాడు. కందులు కోతకు రాకముందే ఆమె పోయింది.

కబురు వచ్చిన సాయంత్రం ఒట్టు సంగతి మా ఆయనకు మొత్తం చెప్పేశాను. ఎండాకాలం నుంచి నెత్తురు పడుతోందని, ఆయన కోసమే గుట్టకు పోకుండా ఆగిందని, నా నోరు కట్టేసిందని. విని కూలిపోతాడనుకున్నాను. ఆయన కూర్చున్నచోటే కూర్చుని, "నాకెరుకే" అన్నాడు.

"ఏమెరుక?"

"దర్వాజల నిలబడుతుండె గద. చెయ్యెత్తుతుండె గని నోరు తెరవకపోతుండె. నేను మూల తిరిగినంక దగ్గుతుండె. అన్ని నెలలు వార్డుల పండిన, నాకా దగ్గు తెల్వదా?"

ఒళ్లు మండిపోయింది నాకు. "ఎరుకుండి ఎట్ల పోయినవ్ మరి? ఆమెకే తిరగబెట్టిందని తెలిసి, సూదులకెట్ల పోయినవ్?"

"ఆమె బాగైందని పోయిన్నా నేను? ఆమె పొమ్మన్నదని పోయిన."

తాను ఆరోగ్యంగా కనబడడమే తన మాటకున్న బలమనుకుంది పిచ్చిది. ఎండాకాలం అంతా, వానాకాలం అంతా ఆ ఒక్క అపోహ మీద నిలబడింది. నేను ఏడుస్తూ ఆయన భుజం పట్టి ఊపేశాను. "ఆ ముక్క ఆమెతోని అనకపోతివా? ఒక్కపారి అనకపోతివా?"

"గంత తయారై, గంత కష్టపడి నిలబడ్డ మనిషితోని, నీ రోగం నాకెరుకేనని ఎట్లంట?" అన్నాడు. "నాతోని అయ్యింది ఒక్కటే. ఆమె దగ్గు ఎక్కువసేపు ఆపుకోవద్దని, బిరబిర నడిచి మూల తిరుగుతుంటి."